సతాయింపుల పుస్తకం

మే పదకొండో తేదీ సాయంత్రం మస్తాన్‌బీ మనవడు రెహాన్ చనిపోయాడు. వాడికి ఏడేళ్ళు. పగలంతా ఇంట్లోనే ఉన్నాడు, నీడలోనే ఉన్నాడు, నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. అగ్గిపెట్టెలు వరసగా పేర్చి కట్టుకున్న రైలు పక్కన, చాప మీద ఒత్తిగిలి పడుకున్నాడు. ఒక చెయ్యి ఇంకా ఇంజను పెట్టె మీదే ఉంది.

నాలుగున్నరకు మస్తాన్‌బీ వేసిన కేక విని మొదట పరుగెత్తుకొచ్చింది పక్కింటి హైమవతి టీచరు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. పిల్లవాడి ఒళ్ళు పెనంలా కాలుతోంది, ఎక్కడా చెమట చుక్క లేదు. హైమవతి మూలనున్న మట్టికుండ మూత తీసి, నీళ్ళు ముంచి, తుండుగుడ్డ తడిపి వాడి ముఖం మీదా గుండెల మీదా పరిచింది. ఆటో వచ్చేలోపు మూడుసార్లు తడిపింది. ఆసుపత్రి మెట్ల దగ్గరే అంతా అయిపోయింది.

"వడదెబ్బ. ఎండలో తిరిగాడా?" అని అడిగాడు డాక్టరు.

"లేదయ్యా, గడప దాటలా," అంది మస్తాన్‌బీ.

ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి అడిగేసరికి, "నాకు కాసేపు కునుకు పట్టింది. అప్పుడు పోయాడేమో," అంది.

ఆ మాటే నిలబడిపోయింది. చీకటి పడేలోపు వీధంతా అదే అనుకుంది. ముసలమ్మ నిద్రపోయింది, పిల్లాడు గడియ తీసుకుని ఎండలోకి పోయాడు, వచ్చి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. రెహాన్ తల్లి షాహినా మిర్చి కోల్డ్ స్టోరేజీలో పగటి పని చేస్తుంది. ఏడుగంటలకు వచ్చి కొడుకును చూసుకుని, ఆ తర్వాత అత్త వైపు తిరిగి చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లవాణ్ణి తీసుకుపోయాక, ఆడవాళ్ళ మధ్య కూర్చున్న హైమవతికి ఆ కుండ మళ్ళీ కళ్ళబడింది. తను నిన్న మూత తీసినప్పుడు అది దాదాపు అంచుదాకా ఉంది. మస్తాన్‌బీ రోజూ ఉదయం తొమ్మిదికల్లా కుండ నింపుతుంది. తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా, నలభై ఏడు డిగ్రీల ఎండ కాసిన రోజున, ఆ కుండలో నీళ్ళు ముసలమ్మ తాగిన చెంబెడు తప్ప తగ్గలేదు. పైగడియ తలుపుకు అంత ఎత్తున ఉంది. హైమవతి దాన్ని కాసేపు చూసింది. రెహాన్ కుర్చీ ఎక్కినా అందేది కాదు.

ఆమె లేచి ఇంటికి వెళ్ళి, పిల్లలిద్దరి చెవుల వెనకనుంచి పట్టీలు తీసేసింది.

*

ఆ పట్టీల సంగతి చెప్పాలంటే ఎండకట్టు సంగతి చెప్పాలి. నాలుగేళ్ళుగా పల్నాడు మొత్తం మీద ఆ నిబంధన ఉంది. మార్చి నడిమి నుంచి జూన్ ఆఖరు దాకా బళ్ళుండవు, పదమూడేళ్ళలోపు పిల్లలు ఉదయం పదినుంచి సాయంత్రం అయిదు దాకా గడప దాటకూడదు. కాగితాల మీద దానికి పెద్ద పేరే ఉంది. జనం ఎండకట్టు అన్నారు.

రోజుకు ఏడుగంటలు, మూడున్నర నెలలు. మాచర్లలో ఆ ఏడుగంటలు ఎలా గడపాలో తెలిసిన తల్లి లేదు. మొదట ఫోన్లు ఇచ్చారు. రెండో వారానికి ఫోన్లూ తోచలేదు. హైమవతి బడిపంతులమ్మ కాబట్టి ఇంకొంచెం ఎక్కువ తంటాలు పడింది. వామనగుంటలు, అష్టాచెమ్మా అయ్యాయి. పాత క్యాలెండర్లు కత్తిరించి ఊళ్ళు కట్టించింది. చీరలతో గుడారం వేయించింది. పప్పుల డబ్బాలన్నీ బోర్లించి, కంది, పెసర, మినుము కలిపేసి వేరుచెయ్యమంది. అది ఒక పూట పట్టింది. తొమ్మిదేళ్ళ లోహిత్ మర్నాడు, "అమ్మా, మళ్ళీ కలిపేస్తావా?" అని అడిగాడు. ఆరేళ్ళ తన్విక అదికూడా అడగలేదు. గచ్చు మీద బోర్లా పడుకుని, "ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు," అని ఒకే రాగంతో గంటసేపు పాడింది. భర్త శేషగిరికి సిమెంటు ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ. ఆ పాట వినే భాగ్యం హైమవతి ఒక్కదానిదే.

అట్లాంటి రోజునే తమ్ముడు సాగర్ వచ్చాడు. ఊరి చివర ఇంజనీరింగు కాలేజీలో వాడికి రెండు గదుల ప్రయోగశాల ఉంది.

"అక్కా, కళ్ళు మూసుకో. నిమిషం అయిందనిపించగానే చెయ్యెత్తు," అన్నాడు.

ఎత్తింది.

"యాభై ఆరు సెకన్లు. ఎట్టా తెలిసింది నీకు?"

"ఏమో. అయిందనిపించింది."

వాడు జేబులోంచి వంకీలాంటి పల్చని పట్టీ తీసి ఆమె చెవి వెనక అతికించాడు. అది చల్లగా తగిలింది. "ఇప్పుడు మళ్ళీ."

ఈసారి కూడా నిమిషం అయిందనిపించాకే చెయ్యెత్తింది. కళ్ళు తెరిస్తే తన్విక ఎదురుగా నిలబడి పకపకా నవ్వుతోంది. "అమ్మ నిద్రపోయింది, నిద్రపోయింది." నాలుగు నిమిషాల పది సెకన్లు అయిందట.

"గుండె, ఊపిరి, పొట్ట, అన్నీ తలకి కబుర్లు పంపిస్తుంటాయి అక్కా. అవి లెక్కేసుకునే తల ఇంతసేపయిందని అనుకుంటుంది. పనీపాటా లేనప్పుడు మిగతావేవీ వినపడవు, ఈ కబుర్లే వినపడతాయి. అందుకే పొద్దుపోదు. ఇది వాటి గోల తగ్గిస్తుంది, అంతే."

"ప్రమాదమేం లేదు కదా?"

"ఆరు నెలల్నుంచి నేనే పెట్టుకుంటున్నా. చూడు, గుండ్రాయిలా ఉన్నా."

నిజమే, గుండ్రాయిలానే ఉన్నాడు. రోజుకు ఆరు టీలు తాగుతాడు, బల్ల మీద నీళ్ళ సీసా ఎప్పుడూ ఉంటుంది, మాట మాటకీ చెయ్యి దాని మీదికి పోతుంది. ఆ అలవాటే వాడిని కాపాడుతోందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

పట్టీకి చల్లపొద్దు అని పేరుపెట్టాడు. పరీక్షకు పిల్లలు కావాలి. హైమవతి మాట మీద ఎవరైనా ఇస్తారు. మూడు వీధుల్లో, తన ఇల్లు కాక ముప్పై ఏడు ఇళ్ళు ఒప్పుకున్నాయి. ఏప్రిల్ ఇరవైన పట్టీలు పంచారు. పదకొండు నుంచి నాలుగు దాకా పెట్టుకోవాలి, తల్లులు రోజూ పుస్తకంలో రాయాలి.

ఆ పుస్తకం హైమవతే గీసింది. సాగర్ అడిగినట్టు మొదటివారం దాన్లో నాలుగు గళ్ళు ఉన్నాయి. నీళ్ళు అడగడం ఒకటి, తిండి అడగడం ఒకటి, తోచట్లేదనడం ఒకటి, పోట్లాట ఒకటి. శనివారం పుస్తకాలు చూస్తే సగం ఖాళీ. కవలపిల్లల తల్లి రత్నకుమారి ముఖం మీదే చెప్పేసింది.

"మేమేమన్నా బళ్ళో పిల్లలమా టీచర్ గారూ, ఇన్ని గళ్ళు నింపటానికి? వాడు నీళ్ళకోసం వచ్చాడో, నా ప్రాణం తీయటానికి వచ్చాడో నాకేం తెలుసు. సతాయిస్తే ఓ గీత పెడతా. కావాలంటే అది రాసుకోండి."

పదిహేనేళ్ళ ఉద్యోగంలో హైమవతి నేర్చుకున్నది ఒకటుంది. తనిఖీకి వచ్చేవాళ్ళు రిజిస్టరులో ఏముందో చూడరు, ఖాళీ ఎక్కడుందో చూస్తారు. నింపగలిగేట్టు గియ్యడమే తెలివి. రెండో వారం ఆమె గళ్ళన్నీ కలిపేసింది. ఒకటే గడి, పైన 'సతాయింపు' అని రాసింది. అంతే, పుస్తకాలన్నీ నిండాయి. చదువురాని మస్తాన్‌బీ గీతకు బదులు ఒక చింతగింజ డబ్బాలో వేసేది. శనివారం హైమవతి వెళ్ళి గింజలు లెక్కపెట్టి రాసుకునేది.

గింజలు తగ్గుతూ వచ్చాయి. మూడో శనివారం డబ్బాలో ఒక్కటీ లేదు.

"పెద్దమ్మా, మూడు వీధుల్లో మీ వాడే ఫస్టు," అంది హైమవతి.

మస్తాన్‌బీ ముఖం వెలిగిపోయింది. "నా బంగారం ఇప్పుడు నోరెత్తడమ్మా. కూచున్నచోట కూచుంటాడు. దాదీ అని పిలవను కూడా పిలవడు."

రెహాన్ చాప మీదినుంచి తలెత్తి చూశాడు. "సున్నా వస్తే ఫస్టు ఎట్టా అయిద్ది టీచర్? బళ్ళో సున్నా వస్తే తిడతారుగా."

ఇద్దరూ నవ్వారు. ఆ సాయంత్రం మస్తాన్‌బీ గిన్నెడు సేమ్యా పాయసం గోడ మీదినుంచి అందించింది. అది మే తొమ్మిదో తేదీ.

*

పదమూడో తేదీన హైమవతి తన పిల్లలకు పరీక్ష పెట్టింది.

ఇడ్లీలు పెట్టి, పట్టీలు లేకుండా ఇద్దరినీ హాల్లో కూర్చోబెట్టింది. నీళ్ళ బిందె రోజూ ఉండేచోటే ఉంది. నీళ్ళన్న మాట తన నోట రాకూడదనుకుంది. ఒళ్ళో కొత్త నోటు పుస్తకం, దాన్లో నాలుగు గళ్ళు.

పది నలభైకి లోహిత్, "అమ్మా, తోచట్లేదు," అన్నాడు. ఎండకట్టు మొదట్లో విని విసిగిన ఆ మాటకు ఆమెకు వాణ్ణి దగ్గరకు లాక్కోవాలనిపించింది. గీత పెట్టింది. పదకొండుంబావుకు వాడే లేచివెళ్ళి నీళ్ళు ముంచుకు తాగాడు. ఇంకో గీత.

తన్విక రంగు పెన్సిళ్ళతో ఏదో గీస్తోంది. కిమ్మనలేదు.

పన్నెండున్నరకు అన్నాలు పెట్టింది. కంచాల పక్కన గ్లాసులు పెట్టలేదు. తర్వాత పచ్చిమామిడికాయ ముక్కలు కోసి, ఉప్పూ కారం దండిగా చల్లి, ఇద్దరి ముందూ పెట్టింది. చేస్తున్న పనికి ఆమె చేతులు సిగ్గుపడుతున్నట్టే ఉన్నాయి. కారం ప్లేటు అంచుల మీదంతా పడింది.

"అబ్బా, మంట," అని లోహిత్ బిందె దగ్గరికి ఉరికాడు. రెండు గ్లాసులు గటగటా తాగాడు.

తన్విక నాలుగు ముక్కలూ తిని, వేళ్ళకంటిన ఉప్పు నాకింది. పెదవులు తెల్లగా పొడిబారి ఉన్నాయి. మళ్ళీ పెన్సిలు తీసుకుంది.

"మంటగా లేదా చిన్నీ?"

"ఉంది."

ఒకటిన్నర అయింది. రెండయింది. బయట తారురోడ్డు మీద గాలి నీళ్ళలా కదులుతోంది. లోహిత్‌కు ఏదో అర్థమైంది. చెల్లెల్నీ తల్లినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అమ్మా, దానికి ఇవ్వనా?" అన్నాడు మెల్లగా.

హైమవతి పంతం విడిచేసింది. "నీళ్ళు తాగుతావా చిన్నీ?"

తన్విక తలెత్తింది. కొంటెతనం లేదు, మారాం లేదు. తెలియనిది అడిగినట్టే అడిగింది.

"ఎందుకు?"

హైమవతి గ్లాసు తెచ్చి నోటికి ఆనించింది. పిల్ల మందు తాగినట్టు బుద్ధిగా అంతా తాగి, ఖాళీ గ్లాసు తల్లి చేతికిచ్చి, "అయిపోయింది," అంది.

*

లోహిత్‌ను చెల్లెలి దగ్గర ఉంచి, మూడుగంటల ఎండలో గొడుగు వేసుకుని కాలేజీకి నడిచింది. సాగర్ ఒక్కడే ఉన్నాడు. రెహాన్ పోయినప్పట్నుంచి గడ్డం గీసుకున్నట్టు లేదు.

"అక్కా, డాక్టరు వడదెబ్బ అన్నాడుగా. పాపం, ముసలామె కన్ను మూసినప్పుడు..."

"వాడు గడప దాటలేదు. గడియ వాడికందదు. కుండలో నీళ్ళు అందుతాయి. వాడు తాగలేదు."

పుస్తకం బల్ల మీద పెట్టి, పొద్దుట్నుంచి జరిగింది చెప్పింది. తన్విక అడిగిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వాడు కుర్చీలో కూర్చున్నాడు.

"దాహం వేరే దారిన పోతుందనుకున్నా," అన్నాడు. "అది గట్టి కబురు అక్కా. అంత తేలిగ్గా అణగదు అనుకున్నా."

"అనుకున్నావా, చూశావా?"

"నువ్వు పంపిన లెక్కల్లో చూశా. మొదటివారం నీళ్ళ గడిలో ఏమీ తగ్గలేదు." కాగితాలు తిరగేస్తూ ఆగాడు. "రెండోవారం నుంచి నీళ్ళ గడి లేదు."

"లేదు. కలిపేశాను."

"నేనన్నా అడగాల్సింది."

"అడగలేదు."

"సతాయింపు పడిపోతుంటే సంతోషపడ్డా. గోడకు కూడా అంటించా, చూడు." గోడ మీది గ్రాఫులో గీత పైనుంచి కిందికి వంపు లేకుండా దిగి, మే తొమ్మిది దగ్గర దాదాపు అడుగుకు చేరింది. ఇద్దరూ దానివైపు చూడలేకపోయారు.

"రోజురోజుకీ కొంచెం కొంచెం అణిగినట్టుంది," అన్నాడు సాగర్ చివరికి. "తీసేస్తే తిరిగొస్తుంది. లోహిత్‌కి వచ్చిందిగా. చిన్నపిల్లలకి ఇంకొంచెం టైము పడుతుందేమో."

"ఏమో అంటే?"

"తెలీదు అక్కా."

హైమవతి గొడుగు తీసుకుంది.

"రెండ్రోజులు ఆగు. ఈ పరీక్షకు అనుమతిచ్చిన కమిటీకి రాయాలి, వాళ్ళొక మాట చెప్పాలి. నోటికొచ్చినట్టు చెబితే ఊరు అట్టుడికిపోతుంది."

"ఆ రెండ్రోజులూ పిల్లలు ఏం తాగుతారు?"

వాడు కాగితాలు పక్కకు నెట్టాడు. తర్వాత ఫోను తీసి, పట్టీలన్నీ వెంటనే తీసెయ్యండి, పిల్లలకు గంటకోసారి నీళ్ళు పట్టండి అని అందరికీ సందేశం పంపాడు. "నా పేరు చెప్పు. పట్టీ నాది," అన్నాడు.

"పుస్తకం నాది," అంది హైమవతి. "సందేశం ఎంతమంది చదువుతారో నాకు తెలుసు. సెలవు నోటీసే చదవరు. నేను తిరుగుతాను."

*

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. ప్రతి ఇంట్లోనూ ఒకే మాట చెప్పాలని దారిలోనే కూర్చుకుంది. 'ఈ పట్టీ పిల్లలకు దాహం తెలియకుండా చేస్తోంది. నీళ్ళడిగినా సతాయింపనే రాయించాను కాబట్టి అది మనకు కనపడలేదు. అట్లా రాయించింది నేనే.'

రత్నకుమారి గుమ్మంలోనే అడ్డం పడింది. "ఇవి తీసుకుపోతే ఈ ఇద్దరినీ కూడా తీసుకుపోండి టీచర్ గారూ. జూన్ అయ్యాక తెచ్చివ్వండి. ఇరవై రోజులైంది నేను మధ్యాహ్నం నడుం వాల్చటం మొదలుపెట్టి. మళ్ళీ నా నెత్తిన ఎక్కిస్తారా వీళ్ళని?"

"రత్నా, ఇవాళ పొద్దుట్నుంచి వాళ్ళు నీళ్ళు ఎన్నిసార్లు అడిగారు?"

"మా వాళ్ళా? వాళ్ళు..." అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. వెనక్కి తిరిగి, గోడకానుకుని కూర్చున్న కవలలను చూసింది. గబగబా లోపలికిపోయి చెంబుతో వచ్చింది. చెంబులో నీళ్ళు ఆమె చీర మీద ఒలికాయి.

ఒక ఇంట్లో తండ్రి మొత్తం విని తలుపేసుకున్నాడు. ఒక ఇంట్లో నాయనమ్మ, "మా కాలంలో మేం పిల్లల్ని తిట్టుకునే పెంచాంగానీ చెవికి మిషన్లు పెట్టలా," అని హైమవతిని నిలబెట్టి అరగంట దులిపేసింది. ఆ తిట్లు తిన్నంతసేపూ కొంచెం ఊపిరి ఆడినట్టుంది. తొమ్మిదో ఇంట్లో ఐదేళ్ళ పిల్ల పిలిస్తే పలకడం లేదు, నాలుక అట్టలా ఉంది. వాళ్ళ నాన్న బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయారు. రెండు సీసాల సెలైన్ ఎక్కాక మర్నాటికి లేచి కూర్చుంది.

ఉదయం ఆరు నుంచి పదిదాకా, సాయంత్రం అయిదు నుంచి దీపాలు పెట్టేదాకా, నాలుగు రోజులు తిరిగింది. ఎక్కువమంది పిల్లలకు రెండు మూడు రోజుల్లో దాహం తిరిగొచ్చింది. ఆరుగురికి రాలేదు. ఆ ఆరుగురిలో తన్విక ఒకతి. హైమవతి ఇంట్లో గంటకోసారి అలారం మోగుతుంది. లోహిత్ గ్లాసు పట్టుకుపోయి చెల్లెలి ముందు నిలబడతాడు. ఆ పిల్ల తాగుతుంది, ఇస్తుంది.

పాతికో ఇంటికి వచ్చేసరికి ఆ మాట ఎక్కడా తొట్రుపడకుండా వచ్చింది. ఏటేటా చెప్పే పాఠంలా వచ్చింది. దానికి ఆమెకు భయం వేసింది.

పక్కిల్లు చివరికి వదిలింది. ఆ ఇంట్లో మూడోరోజు తంతు కావాలి కదా అనుకుంది. చుట్టాలున్నారు కదా అనుకుంది. చుట్టాలు వెళ్ళిపోయారు. వీధిలో అందరికీ సంగతి తెలిసింది కానీ, చావింట్లో ఆ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. టీచరే చెప్పుకుంటుందిలే అని ఊరుకున్నారు. లారీ దిగి వచ్చిన మస్తాన్‌బీ కొడుకు, రెహాన్ తండ్రి, నాలుగోరోజు మళ్ళీ బండెక్కాడు. సాయంత్రాలు గోడ అవతల నుంచి షాహినా గొంతు వినపడుతుంది.

"అంత నిద్ర ముంచుకొచ్చిందా నీకు? ఒక్కగానొక్క పిల్లాణ్ణి చూడలేనంత నిద్ర?"

బదులుగా ఒకసారి ఏదో గిన్నె కడుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

హైమవతికి తెలుసు. తను వెళ్ళి నాలుగు మాటలు చెబితే ఆ గొంతు ఆగుతుంది. ముసలమ్మ నిద్ర మీదినుంచి నింద పోతుంది. కానీ ఆ నాలుగు మాటల్లోనే ఇంకొకటి కూడా ఉంది. గింజలు తగ్గిన ప్రతిరోజూ పిల్లవాడు కళ్ళెదుటే ఎండిపోతున్నాడనీ, అది చూసే తామిద్దరూ నవ్వుకున్నారనీ మస్తాన్‌బీకి తెలిసిపోతుంది. కునుకు పట్టింది ఒక్క మధ్యాహ్నమే. ఆ సంతోషం మూడు వారాలు నడిచింది. ఏది మొయ్యడం తేలికో హైమవతికి అంతుపట్టలేదు. అంతుపట్టలేదనుకోవడం కూడా తప్పించుకోవడమేనని మాత్రం తెలుస్తూనే ఉంది.

*

పదిహేడో తేదీ సాయంత్రం వెళ్ళింది. మస్తాన్‌బీ గుమ్మం పక్కన కూర్చుని ఉంది. షాహినా ఇంకా పనినుంచి రాలేదు.

"రా టీచరమ్మా. ఇంటింటికీ తిరుగుతున్నావంట. మా ఇంటికే రాలా."

"వచ్చానుగా పెద్దమ్మా."

"మొహం చూడు ఎట్టా పీక్కుపోయిందో. ఆగు." మోకాళ్ళ మీద చేతులానించి లేచి, లోపలికెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "ముందు ఇవి తాగు. మాటలు ఎక్కడికి పోతయి."

హైమవతి తాగింది. మట్టికుండ నీళ్ళు, చల్లగా ఉన్నాయి. దారంతా తనకు దాహమేసిందని గొంతు తడిశాకే తెలిసింది.

మస్తాన్‌బీ ఖాళీ గ్లాసు తీసుకుని పక్కన పెట్టుకుంది. 

"నువ్వు చదువుకున్నదానివి. ఒకటి చెప్పమ్మా. మనిషికి ఒక కునుకు పడితే ఎంతసేపు ఉంటది? పావుగంటే అనుకున్నా నేను. గంటయిందేమో. కోడలు రెండు గంటలంటది. ఎంతసేపో తెలిస్తే బాగుండు. తెలిస్తే అంతవరకే ఏడుస్తా."

"మీ నిద్రవల్ల కాదు పెద్దమ్మా," అంది హైమవతి. "మీ తప్పు కాదు."

మస్తాన్‌బీ ఆమె చెయ్యి పట్టుకుని నిమిరింది. "నువ్వు మంచిదానివి. నువ్వట్టానే అంటావు."

దాని తర్వాత చెప్పాల్సిన మాట ముప్పై ఆరు ఇళ్ళలో చెప్పిందే. వరసగా గుర్తుంది. ఈ పట్టీ, దాహం, సతాయింపనే రాయించాను, నేనే. మొదటి మాట నాలుక మీదికి వచ్చింది. మస్తాన్‌బీ చెయ్యి ఇంకా ఆమె చేతి మీదే ఉంది.

గేటు చప్పుడైంది. షాహినా వచ్చింది. మిరప ఘాటు ఆమె వెంటే లోపలికి వచ్చింది. హైమవతిని చూసి, "కూర్చోండి టీచర్ గారూ," అంది. అత్త కాళ్ళ పక్కనుంచి, ఆ కాళ్ళు అక్కడ లేనట్టే దాటుకుని లోపలికి వెళ్ళింది. మస్తాన్‌బీ కాళ్ళు దగ్గరకు ముడుచుకుంది.

"పొద్దుపోయింది. పిల్లలు చూస్తుంటారు, పో తల్లీ," అంది.

హైమవతి లేచింది. ఇంటికి వచ్చేసరికి అలారం మోగుతోంది. లోహిత్ స్నానాలగదిలో ఉన్నాడు. తనే గ్లాసు ముంచుకెళ్ళి తన్వికకు ఇచ్చింది. ఆ పిల్ల తాగుతున్నంతసేపూ పక్కన నిలబడింది. గ్లాసు కడిగి బోర్లించింది. పుస్తకం తీసి, ఇళ్ళ జాబితాలో ఆ సాయంత్రం వెళ్ళిన ఇళ్ళకు ఎదురుగా తేదీ వేసింది. ఒకచోట పెన్సిలు ఆగింది.

ముప్పై ఆరు ఇళ్ళకు చెప్పడం అయింది. మస్తాన్‌బీకి ఇంకా చెప్పలేదు.